రాగి కుప్పలుగా ఉన్న జాంబియా అప్పుల్లో ఎందుకు మునిగింది? అక్కడ బోర్లు వేసినోడిగా నా జవాబు

తమ్ముడూ, నువ్వు అడిగినదాంట్లో రెండు ముక్కలున్నాయి. ఆఫ్రికా దేశాల్లో రాగి, బంగారం, వజ్రాలు, ఆయిలు అన్నీ ఉన్నా ఎందుకు బాగుపడలేదు అన్నది మొదటిది, లీడర్లు దొంగలు జనం బద్ధకస్తులు అంతే కదా అన్నది రెండోది. ఆ రెండోది చదివి నిజంగా బాధేసింది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నా అన్నావు కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట. ఆఫ్రికా అంటే 54 దేశాలు, వాటన్నిటికీ కలిపి ఒకే జవాబు చెప్పేవాళ్ళని నమ్మకు. నాకు బాగా తెలిసింది జాంబియా ఒక్కటే. మాది నల్గొండ వైపు, బోరు బండ్ల పని, మనవాళ్ళూ తమిళనాడు వాళ్ళూ రిగ్గులు ఓడెక్కించుకుని ఆఫ్రికా వెళ్ళిన కాలంలో నేనూ వెళ్ళా, రాజధాని లుసాకాలో ఆఫీసు పెట్టుకుని సదరన్, సెంట్రల్, ఈస్టర్న్ ప్రావిన్సుల్లో కౌన్సిళ్ళకీ ఎన్జీవోలకీ రైతులకీ బోర్లు వేశాం. కాబట్టి జాంబియా గురించే చెప్తా.

జనం కష్టపడరు అన్నావే, రిగ్గు మీద నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళు రాత్రి పదకొండింటికి కంప్రెసర్ ఆపి మళ్ళీ తెల్లారి నాలుగింటికి లేచేవాళ్ళు, ఊళ్ళల్లో ఆడవాళ్ళు ఇరవై లీటర్ల డబ్బా నెత్తిన పెట్టుకుని వాగు నుంచి నడిచొచ్చి, ఆ తర్వాత మొక్కజొన్న చేలో పనికి పోయేవాళ్ళు. ఇంత కష్టపడి కూడా చేతిలో ఏమీ మిగలట్లేదంటే ఎక్కడ తేడా కొడుతుందో చూడాలి గానీ వాళ్ళ ఒళ్ళు వంగదు అనడం చాలా తప్పు.

సరే, దేశం సైజు ఎంతో చూడు. వైశాల్యం సుమారు 7.5 లక్షల చదరపు కిలోమీటర్లు, జనాభా 2022 లెక్కల్లో 1.96 కోట్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు, జనం 2011 నాటికే 8 కోట్ల 46 లక్షలు. అంటే మనకన్నా రెండున్నర రెట్లకి పైగా పెద్ద నేల, నాలుగో వంతు కూడా లేని జనం. ఒక ఊరికి కరెంటు లైను లాగాలన్నా, రోడ్డు వెయ్యాలన్నా, ఒక డాక్టరుని పెట్టాలన్నా తలకి పడే ఖర్చు ఎంతవుతుందో నువ్వే ఊహించు. పైగా సముద్రం లేదు, చుట్టూ ఎనిమిది దేశాలు. మా రిగ్గుకి రాయి కొట్టే హ్యామర్ బిట్ ఒకటి కావాలంటే కంటైనర్ దారెస్సలాం పోర్టుకో డర్బన్‌కో వచ్చి అక్కడ్నుంచి లారీ మీద రావాలి, బోర్డర్‌లో లారీలు రోజుల తరబడి లైన్లో ఉంటాయి, అప్పటిదాకా బండి ఖాళీ, జీతాలు మాత్రం ఆగవు. ఇదే లెక్క అక్కడి ప్రతి వ్యాపారానికీ, ప్రతి ఆసుపత్రికీ వర్తిస్తది.

ఇక చరిత్ర. 1964 అక్టోబర్ 24న స్వాతంత్ర్యం వచ్చేనాటికి మొత్తం దేశంలో యూనివర్సిటీ డిగ్రీ ఉన్న జాంబియన్లు ఓ వందమంది. వందమంది! మనకి 1947లో ఎన్ని కాలేజీలు, ఎంతమంది లాయర్లు, ఎంతమంది ఐసీఎస్ ఆఫీసర్లు ఉన్నారో గుర్తుచేసుకో. రాగి మీద రాయల్టీ (తవ్విన ఖనిజానికి హక్కుదారుకి కట్టే వాటా) స్వాతంత్ర్యం వచ్చేదాకా ఎక్కువ భాగం బ్రిటిష్ వ్యాపారి సెసిల్ రోడ్స్ పెట్టిన బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీకి పోయేది, అక్కడి సర్కారుకి కాదు. జాంబెజీ నది మీద కరీబా డ్యాం 1950ల్లో కట్టినప్పుడు రెండు ఒడ్డుల టోంగా తెగ జనం సుమారు 57 వేలమందిని ఖాళీ చేయించారు, మొదటి పవర్‌హౌసు మాత్రం దక్షిణం ఒడ్డున, అంటే ఇప్పటి జింబాబ్వే వైపు కట్టారు. టోంగా వాళ్ళ ఊళ్ళల్లో మేము బోర్లు వేసేటప్పుడు పెద్దవాళ్ళు ఇప్పటికీ అదే చెప్తారు, మా పొలాలు నీళ్ళకింద ఉన్నాయి, మాకు కరెంటూ లేదు నీళ్ళూ లేవు అని.

ఇప్పుడు అసలు పాయింటు. జాంబియా ఎగుమతుల్లో సుమారు 70 శాతం రాగే. ప్రభుత్వానికి డబ్బు ప్రధానంగా గనుల నుంచో అప్పుల నుంచో వస్తే ఆ ప్రభుత్వం చూపు ఎటుంటది? కంపెనీల వైపూ, అప్పులిచ్చేవాళ్ళ వైపూ. ఊళ్ళో మొక్కజొన్న పండించుకునే మనిషి కట్టే పన్ను దాదాపు ఏమీ లేదు కాబట్టి అతనికి లెక్క చెప్పాల్సిన అవసరం ఎన్నికల ముందు తప్ప రాదు. అవినీతి ఉంది, కాదనను, కానీ ఈ మూలం అర్థం కాకపోతే అవినీతి ఎందుకు పట్టుబడదో కూడా అర్థం కాదు.

తొలి అధ్యక్షుడు కౌండా 1969లో గనుల్లో 51 శాతం వాటా ప్రభుత్వం తీసుకుంటుందని ప్రకటించాడు, అప్పట్లో దేశం మొత్తం సంబరపడింది. అప్పుడు ఉత్పత్తి ఏడాదికి 7 లక్షల టన్నుల పైన. 1974-75లో ప్రపంచ మార్కెట్‌లో రాగి ధర కుప్పకూలింది, ఆయిలు ధర పెరిగింది, దానికి తోడు పక్క దేశాల్లో తెల్లవాళ్ళ పాలనకి వ్యతిరేకంగా పోరాడేవాళ్ళకి లుసాకా అండగా నిలబడినందుకు దక్షిణం వైపు రోడ్లు రైళ్ళు మూసుకుపోయాయి. (చైనా వాళ్ళు 1970 నుంచి 75 మధ్య దారెస్సలాంకి 1,860 కిలోమీటర్ల రైలు కట్టింది అందుకే, ఇవ్వాళ మనం చైనా చైనా అంటాం గానీ ఆ సంబంధం యాభై ఏళ్ళనాటిది.) ధర ఇవ్వాళో రేపో లేస్తదిలే అని అప్పు చేశారు, లేవలేదు. ప్రభుత్వ గనుల కంపెనీయేమో కాపర్‌బెల్ట్‌లో (రాగి గనులున్న ప్రాంతం) ఆసుపత్రులు, స్కూళ్ళు, ఫుట్‌బాల్ క్లబ్బులు, ఇళ్ళు అన్నీ తనే నడిపేది, ఆ ఖర్చులు మొయ్యడానికే ఉన్న డబ్బు సరిపోక కొత్త యంత్రాలు కొనలేదు, 2000 వచ్చేసరికి ఉత్పత్తి రెండున్నర లక్షల టన్నులకి పడిపోయింది. మీలీ మీల్ అంటే మొక్కజొన్న పిండి, వాళ్ళకి అన్నం లాంటిది, దానితోనే న్షిమా వండుకుంటారు. ఐఎంఎఫ్ షరతులకి ఒప్పుకుని 1986 డిసెంబర్‌లో దాని సబ్సిడీ ఎత్తేస్తే కాపర్‌బెల్ట్‌లో అల్లర్లయ్యాయి, మనుషులు చచ్చిపోయారు, సబ్సిడీ మళ్ళీ పెట్టారు. ఉంచితే ఖజానా ఖాళీ, తీస్తే జనం రోడ్డు మీద, ముందు నుయ్యి వెనక గొయ్యి.

తర్వాత అమ్మకాలు. 1997 నుంచి గనుల్ని ముక్కలు చేసి అమ్మారు, రాగి ధర పాతాళంలో ఉన్నప్పుడు, అప్పులోళ్ళు తొందరపెడుతున్నప్పుడు. కొంకోలా గనుల్లో 51 శాతం 2004లో మన వేదాంత కంపెనీకి 2 కోట్ల 50 లక్షల డాలర్లకి పోయింది. కొన్ని పెద్ద గనులకి రాయల్టీ 0.6 శాతమే అని అగ్రిమెంట్లు రాసిచ్చారు, చట్టంలో ఉన్న 3 శాతం కూడా కాదు. సరిగ్గా ఆ తర్వాతే చైనా గిరాకీతో రాగి ధర ఆకాశానికి వెళ్ళింది, సర్కారు చేతికి వచ్చింది అంతంత మాత్రం. 2008లో విండ్‌ఫాల్ ట్యాక్స్, అంటే ధర బాగా పెరిగినప్పుడు అదనంగా వేసే పన్ను పెట్టారు, 2009లో ఎత్తేశారు, 2015లో ఓపెన్ పిట్ (పైనుంచి తవ్వే) గనులకి రాయల్టీ 20 శాతం చేశారు, ఒక కంపెనీ గని మూసేస్తానంటే అదే ఏడాది 9కి దించారు. ఇలా రెండేళ్ళకోసారి రూలు మారిస్తే మంచి కంపెనీ భయపడతది, తెలివైన కంపెనీ లాయర్లని పెట్టుకుంటది. మోపాని గని కేసు చదువు, మాతృసంస్థ గ్లెన్‌కోర్‌కి రాగిని తక్కువ ధరకి అమ్మినట్టు చూపించి పన్ను తగ్గించుకున్నారని 2006 నుంచి 2009 లెక్కల మీద గొడవ, సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన 24 కోట్ల క్వాచా (క్వాచా అంటే అక్కడి కరెన్సీ) కట్టమని తీర్పిచ్చింది 2020లో. గెలిచారు, నిజంగా గొప్ప విషయం, కానీ పదేళ్ళకి పైగా పట్టింది. స్విట్జర్లాండ్‌లో కూర్చున్న ట్రేడింగ్ కంపెనీ లెక్కలు పట్టుకోగల ఆడిటర్లని తయారుచేసుకోవడం కూడా గవర్నెన్స్‌లో భాగమే, అది లంచాలు ఆపినంత మాత్రాన రాదు.

అప్పు కథకి వద్దాం. 2005-06లో ప్రపంచ దేశాలు పాత అప్పులు మాఫీ చేస్తే 700 కోట్ల డాలర్ల బాకీ 50 కోట్ల డాలర్లకి వచ్చింది. అంత శుభ్రమైన పలక మీద ఏం రాశారో చూడు. 2012లో 75 కోట్ల డాలర్ల బాండ్లు (అంటే అప్పు పత్రాలు) 5.375 శాతం వడ్డీకి, 2014లో 100 కోట్లు 8.5 శాతానికి, 2015లో 125 కోట్లు 8.97 శాతానికి. వడ్డీ అంతంతకీ పెరుగుతుందంటే అప్పిచ్చేవాడికి అనుమానం మొదలైందని అర్థం, అయినా తెచ్చారు. దీనికి తోడు రోడ్లకీ ఎయిర్‌పోర్టులకీ చైనా బ్యాంకుల అప్పులు. అప్పు డాలర్లలో, వచ్చే పన్ను క్వాచాలో, రాగి ధర పడగానే క్వాచా పడతది, క్వాచా పడగానే అదే వడ్డీ కట్టడానికి రెట్టింపు క్వాచాలు కావాలి. రాగి ధర పడ్డప్పుడే ఆదాయం కూడా పడేది, అదీ అసలు ఉచ్చు. ఇదే టైములో 2017లో 42 ఫైరింజన్లు 4 కోట్ల 20 లక్షల డాలర్లకి కొన్నారు, అంటే బండికి పది లక్షల డాలర్లు, జనం పార్లమెంటు ముందు ధర్నా చేస్తే అరెస్టు చేశారు. 2018లో నిరుపేదలకి ఇచ్చే నగదు బదిలీ డబ్బులో 43 లక్షల డాలర్లు కనపడట్లేదని తేలి బ్రిటన్ లాంటి దేశాలు సాయం ఆపాయి. ఇది ముసలివాళ్ళకీ వికలాంగులకీ చేరాల్సిన డబ్బు, దీన్ని మాత్రం నేను ఎప్పటికీ క్షమించలేను.

2020 నవంబర్‌లో 4 కోట్ల 25 లక్షల డాలర్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేశారు. కొత్త ప్రభుత్వం వచ్చి 2022లో ఐఎంఎఫ్‌తో 130 కోట్ల డాలర్ల ప్రోగ్రాం, 2023 జూన్‌లో చైనాతో సహా ప్రభుత్వ అప్పుదారులతో 630 కోట్ల డాలర్ల మీద ఒప్పందం, బాండ్లు కొన్నవాళ్ళతో 2024లో. సుమారు మూడున్నరేళ్ళు! చైనా వాళ్ళు ముందు బాండ్లోళ్ళు తగ్గించుకోవాలంటారు, వాళ్ళేమో చైనా వాళ్ళు ముందు అంటారు, ఈ మధ్యలో దేశం ఆగిపోయింది. మాలాంటి చిన్న కాంట్రాక్టర్ల బిల్లులు ఎలా ఉండేవంటే, ఒక కౌన్సిల్‌కి (పేరు వద్దు) బోర్లు వేసి నీళ్ళు చూపించి సంతకాలు పెట్టించుకుని కూడా డబ్బు కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉన్నా, ఈలోపు డీజిల్ రేటు పెరిగి క్వాచా పడి, చేతికొచ్చేసరికి అది లాభం కాదు కదా ఖర్చులకీ చాలలేదు. ఇలా జరిగితే ఏమవుతుందో తెలుసా, తర్వాతి టెండర్‌లో ప్రతివాడూ ఆలస్యాన్ని కూడా రేటులో కలిపేస్తాడు. పేద ప్రభుత్వం ఖరీదైన పని కొనేది ఇలాగే.

కింద ఏం జరుగుతుందో నా కళ్ళతో చూసింది చెప్తా. జాంబియా ఊళ్ళల్లో ఎక్కువగా కనపడే చేతి పంపు మన ఇండియా మార్క్ టూ, మన ఊళ్ళల్లో ఉండే బోరింగే. మంచి పంపు. కానీ అక్కడ చాలాచోట్ల భూగర్భ జలానికి ఆమ్లగుణం ఎక్కువ, పీహెచ్ 6.5 కన్నా తక్కువుంటే జీఐ (జింకు పూత ఇనుప) పైపుల్ని లోపల్నుంచి తినేస్తది. కొన్ని నెలలకే నీళ్ళు ఎర్రగా వస్తాయి, బట్టలకి మరక, న్షిమా రంగు మారిపోతది, రుచి చేదు. ఆడవాళ్ళు రెండుమూడు వారాలు చూసి మళ్ళీ వాగుకే పోతారు. రిజిస్టర్‌లో మాత్రం ఆ పంపు పనిచేస్తున్నట్టే ఉంటది, ఎందుకంటే కొడితే నీళ్ళొస్తాయి కదా. స్టెయిన్‌లెస్ స్టీలు పైపులో, మంచి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపులో వేస్తే ఈ గోల ఉండదు, కానీ టెండర్ తక్కువ రేటు వేసినోడికే, బీఓక్యూలో (టెండర్‌లో ఇచ్చే సామాను, కొలతల లిస్టులో) జీఐ అనే ఉంటది, నీటి పరీక్ష రిపోర్టు పైపులు దించేశాక వస్తది. ఆఫీసరు దొంగ కానక్కర్లేదు, కాంట్రాక్టరు దొంగ కానక్కర్లేదు, అందరూ రూలు ప్రకారమే చేసినా ఊరికి తాగే నీళ్ళు రావు. కాంట్రాక్టరు ఇచ్చే ఏడాది గ్యారంటీ గడువు దాటాక బాధ్యత ఎవరిదీ కాదు. రిపేరు చేసే పంపు మెండర్ ఉంటాడు, సైకిలు మీద పానాల సంచీతో వస్తాడు, పనిమంతుడే, కానీ పైపు కావాలంటే జిల్లా టౌనుకి పోవాలి, చాలాసార్లు అక్కడ కూడా ఉండదు.

జనం సంగతి అడిగావు కదా, ఈస్టర్న్ ప్రావిన్స్‌లో ఒక ఊరి నీళ్ళ కమిటీ ట్రెజరరు ఆవిడ నాకు చూపించిన స్కూలు నోట్‌బుక్ గురించి చెప్పాలి. గీతలు కొట్టి, ఏ ఇంటివాళ్ళు నెలకి ఎన్ని క్వాచాలు ఇచ్చారు, ఎవరు డబ్బు లేక మొక్కజొన్న ఇచ్చారు, దాన్ని ఎంతకి అమ్మారు, రబ్బరు వాషర్లకి ఎంతైంది, రసీదు పక్కనే సూదీదారంతో కుట్టి పెట్టింది, స్టేప్లర్ లేదు కాబట్టి. ఒక్క క్వాచా తేడా రాదు. అదే జిల్లా ఆఫీసులో ఎన్ని పంపులు పాడయ్యాయో లిస్టు అడిగితే ఇచ్చేవాడు లేడు. కింద లెక్క అంత గట్టిగా ఎందుకుంది? ఆ డబ్బు వాళ్ళ సొంతం, ఆవిడ రోజూ వాళ్ళ మొహాలు చూడాలి. నేను పైన చెప్పిన రాగి, బాండ్ల సంగతి మొత్తం ఈ నోట్‌బుక్ పక్కన పెట్టి చూడు, నా పాయింటు అర్థమవుతది.

అందుకే 2022లో వాళ్ళు చేసిన ఒక మార్పుని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటా. నియోజకవర్గ అభివృద్ధి నిధి, సీడీఎఫ్ అంటారు, ఒక్కో నియోజకవర్గానికి 16 లక్షల క్వాచా ఉండేదాన్ని 2 కోట్ల 57 లక్షలకి పెంచారు. వార్డు కమిటీలో జనం కూర్చుని మాకు క్లినిక్ కావాలి, డెస్కులు కావాలి, బోరు కావాలి అని రాసిస్తారు. మొదటి ఏడాది మాత్రం దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు ఫైళ్ళన్నీ లుసాకాలో మినిస్ట్రీ అప్రూవల్ కోసం ఇరుక్కున్నాయి, కౌన్సిళ్ళల్లో ఇంజనీర్లు లేరు, కొలతలు తీసేవాళ్ళు లేరు, ఏడాది ఆఖర్లో డబ్బు ఖర్చు కాకుండా మిగిలింది. తర్వాత అప్రూవల్ ప్రావిన్స్ స్థాయికి దించాక కదిలింది. ఇప్పటికీ ఎంపీలూ కౌన్సిలర్లూ తమవాళ్ళకే పని ఇప్పించుకోవడం, నాసిరకం గోడలు, అవన్నీ ఉన్నాయి, కానీ ఊళ్ళోవాళ్ళకి మొదటిసారి మా వార్డుకి ఎంత వచ్చింది అని అడగడానికి ఒక అంకె దొరికింది. అదే ఏడాది నుంచి సెకండరీ దాకా ఫీజులు తీసేశారు, ఒక్క 2022లోనే 30 వేల పైచిలుకు టీచర్లని తీసుకున్నారు. క్లాసులు కిక్కిరిసిపోయాయి, పిల్లలు నేలమీద కూర్చుంటున్నారు, అయినా బడి బయట ఉండడం కన్నా అది నయం.

కరెంటు సంగతి రాగి కథే ఇంకో రూపంలో. ఎక్కువ భాగం జలవిద్యుత్తే, అందులో కరీబా పెద్దది. 2023-24లో ఎల్‌నినో కరువొచ్చింది, 22 లక్షల హెక్టార్ల మొక్కజొన్నలో 10 లక్షల హెక్టార్లు ఎండిపోయింది, 2024 ఫిబ్రవరి 29న జాతీయ విపత్తు ప్రకటించారు, ఆ ఏడాది కొన్నిచోట్ల రోజుకి 21 గంటల దాకా కరెంటు లేదు. వెల్డింగ్ షాపులు, మంగలి షాపులు, పిండి మిల్లులు మూతబడ్డాయి. మాకేమో బోర్లకి గిరాకీ పెరిగింది, కానీ నీటిమట్టం దిగిపోయి ఎంత లోతు వేసినా దుమ్మే వచ్చిన చోట్లు, అక్కడ చుట్టూ నిలబడ్డ జనం మొహాలు చూడలేకపోయేవాణ్ణి. ఒకే పంట, ఒకే ఖనిజం, ఒకే నది మీద దేశాన్ని నిలబెడితే ఏ నాయకుడొచ్చినా వానల కోసం ఆకాశం వైపూ, రాగి ధర కోసం లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ వైపూ చూస్తూ కూర్చోవాల్సిందే.

ఇంకోటి, దీన్ని మన దగ్గర ఎవరూ రాయరు. 73 తెగలున్న దేశం, ఒక్క అంతర్యుద్ధం లేదు. 1991లో 27 ఏళ్ళు ఏలిన కౌండా ఓడిపోయి మారుమాట్లాడకుండా దిగిపోయాడు, 2011లో అధికార పార్టీ ఓడింది దిగింది, 2021లో మళ్ళీ అంతే, ఐదుసార్లు ఓడిన ప్రతిపక్ష నేత హిచిలేమా ఆరోసారి అధ్యక్షుడిగా గెలిచాడు. జనం తమ పని తాము చేశారు, ఓటుతో మూడుసార్లు మార్చారు. అలాగని ఆయన ప్రభుత్వంలోవాళ్ళు దేవుళ్ళేం కాదు, 2025 మేలో దానంగా వచ్చిన మందులు దొంగతనంగా అమ్ముకుంటున్నారని అమెరికా ఏడాదికి 5 కోట్ల డాలర్ల సాయం ఆపేస్తామని ప్రకటించింది, అదే ఏడాది ఫిబ్రవరిలో చంబిషి దగ్గర చైనా కంపెనీ వ్యర్థాల కట్ట తెగి యాసిడ్ నీళ్ళు కఫ్యూ నదిలో కలిశాయి, చేపలు తేలాయి, కిట్వే ఊరికి నీటి సరఫరా ఆపాల్సొచ్చింది. ఇన్‌స్పెక్షన్ చెయ్యాల్సిన మనుషులు ఏం చేస్తున్నారని అక్కడివాళ్ళే గట్టిగా అడిగారు, కోర్టుకీ వెళ్ళారు.

నీ ప్రిపరేషన్ కోసమైతే జాంబియా పక్కన బోట్స్వానాని పెట్టుకుని చదువు. అక్కడ వజ్రాల కంపెనీ డెబ్స్వానాలో ప్రభుత్వానికి సగం వాటా, ఆ డబ్బులో కొంత పులా ఫండ్‌లో దాచారు, అందుకే దశాబ్దాలు నిలకడగా నడిచింది, కానీ ఈమధ్య వజ్రాల గిరాకీ పడిపోగానే అక్కడా కష్టాలు మొదలయ్యాయి, 58 ఏళ్ళు ఏలిన పార్టీ 2024లో ఓడిపోయింది. రెండు దేశాల బడ్జెట్లూ ఆన్‌లైన్లో దొరుకుతాయి, జాంబియా ఆడిటర్ జనరల్ ఏటా ఇచ్చే రిపోర్టులూ దొరుకుతాయి, వాటిలో కౌన్సిళ్ళ చాప్టర్ తీసి రసీదు లేని చెల్లింపులు, వాడకుండా పడున్న సామాన్లు, తిరిగి కట్టని అడ్వాన్సులు అన్న లైన్లు చదువు. మీ జిల్లా పరిషత్ ఆడిట్ రిపోర్టు కూడా ఒకటి తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూడు. అది చూశాక కూడా జనం బద్ధకస్తులు అనిపిస్తే అప్పుడు మళ్ళీ అడుగు, మాట్లాడుకుందాం.